హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ ఆగిపోతే డ్రైవర్ సంగతి చివర్లో చూడండి

కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ లాంగ్వేజ్ ల్యాబ్ నేను చూసుకుంటాను. ఒక్కో సిస్టమ్‌కి ఒక హెడ్‌సెట్ ఉంటుంది. పిల్లలు అది పెట్టుకుని ఉచ్చారణ పాఠాలు వినాలి, మైకులో తిరిగి చెప్పాలి. బ్యాచ్ మారినప్పుడల్లా ఏదో ఒక మూల నుంచి చెయ్యి లేస్తుంది: "మేడమ్, సౌండ్ రావట్లేదు." కీబోర్డులు, మౌసులు అన్నీ కలిపినా హెడ్‌సెట్లంత గొడవ పెట్టవు. సాయంత్రం ఇంటికొచ్చాక చుట్టాల ఫోన్లు కూడా ఎక్కువగా దీని గురించే.

ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తుంటే నాకు ఒకటి స్థిరపడిపోయింది. సౌండ్ రావట్లేదు అన్నచోట చాలాసార్లు సౌండ్ ఆగిపోయి ఉండదు. ఇల్లు మారాక కొరియర్ పాత అడ్రస్‌కి వెళ్ళినట్టు, మానిటర్‌కో టీవీకో బ్లూటూత్ స్పీకర్‌కో వెళ్తూ ఉంటుంది. అది కాకపోతే పిన్ను, వైరు. డ్రైవర్, అంటే కంప్యూటర్‌లోని సౌండ్ భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్, పాడవడం వీటన్నిటి తర్వాతి మాట. కానీ యూట్యూబ్‌లో వెతికితే చాలా వీడియోలు డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేయమనే మొదలుపెడతాయి. తెగిపోయిన వైరు కోసం విండోస్ ఫార్మాట్ చేయించుకున్న వాళ్ళని కూడా చూశాను. అందుకే నేను వెళ్ళే వరుస చెబుతాను. తేలికైనవి ముందు, విప్పి చూడాల్సినవి తర్వాత.

ముందు తప్పు ఎవరిదో తేల్చండి

కంప్యూటర్ మీద చెయ్యి వేయకముందు హెడ్‌సెట్ వైరు చూడండి. వైరు మధ్యలో చిన్న డబ్బా ఉంటే దాని మీద వాల్యూమ్ చక్రమో మ్యూట్ బటనో ఉంటుంది. ల్యాబ్‌లో వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ చక్రం దగ్గరే ముగుస్తుంది. ముందు బ్యాచ్ కుర్రాడు తగ్గించి వెళ్తాడు, తర్వాత వచ్చినవాడు స్క్రీన్ మీద వాల్యూమ్ వంద చేసి కూర్చుని నా వైపు చూస్తాడు. చక్రం తిప్పుతుంటే బరబర చప్పుడు వస్తే లోపల దుమ్ము చేరిందని అర్థం. ఆ చివరి నుంచి ఈ చివరికి కొన్నిసార్లు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

అది బాగానే ఉంటే హెడ్‌ఫోన్స్ తీసి వేరే దానికి పెట్టండి. ఫోన్‌కి గుండ్రటి పిన్ను పెట్టే చోటు లేకపోతే పాత ఫోనో టీవీయో పక్కవాళ్ళ ల్యాప్‌టాప్పో ఏదైనా సరే. అలాగే పనిచేస్తున్న మరో హెడ్‌ఫోన్స్‌ని మీ కంప్యూటర్‌కి పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలూ చేస్తే సగం సమస్య తేలిపోతుంది. మీ హెడ్‌ఫోన్స్ ఎక్కడ పెట్టినా మూగగా ఉంటే సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దండగ, సరాసరి వైరు దగ్గరికి వెళ్ళండి. మిగతా చోట్ల పనిచేస్తూ మీ కంప్యూటర్‌లో మాత్రమే రాకపోతే తప్పు కంప్యూటర్‌ది. ఇక్కడ చాలామంది ఒక పరీక్షే చేసి ఆగిపోతారు. రెండూ చేయండి, ఎందుకంటే హెడ్‌ఫోన్స్ బాగుండి, కంప్యూటర్ బాగుండి, రెండూ ఒకదానికొకటి సరిపడని సందర్భం కూడా ఉంది. దాని గురించి కింద చెబుతాను.

ఇంకో మాట. పరీక్షకి యూట్యూబ్ వీడియో పెట్టకండి. వీడియోకి సొంత మ్యూట్ ఉంటుంది, బ్రౌజర్ ట్యాబ్‌కి ఇంకో మ్యూట్ ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ దాకా వెళ్ళి కింద ఉండే మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కితే పాతకాలం నాటి చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో మీ హెడ్‌ఫోన్స్ పేరు మీద ఒకసారి నొక్కి, కుడి బటన్‌తో టెస్ట్ ఎంచుకోండి. ఎడమ చెవిలో ఒకసారి, కుడి చెవిలో ఒకసారి గంట మోగాలి. ఆ గంట వినిపిస్తే హెడ్‌ఫోన్స్, వైరు, పిన్ను, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే. సౌండ్ వేరే చోటికి వెళ్తోంది, లేదా తప్పు మీరు వాడుతున్న యాప్‌లో ఉంది.

సౌండ్ ఎటు వెళ్తోంది

టాస్క్‌బార్‌లో కుడివైపు మూల స్పీకర్ బొమ్మ ఉంటుంది. విండోస్ 11లో దాన్ని నొక్కితే వాల్యూమ్ గీత పక్కన చిన్న బొమ్మ ఇంకొకటి కనిపిస్తుంది. అది నొక్కితే సౌండ్ వెళ్ళగలిగిన చోట్లన్నీ జాబితాగా వస్తాయి. విండోస్ కీ, కంట్రోల్, వి మూడూ కలిపి నొక్కినా నేరుగా అక్కడికే వెళ్తారు. విండోస్ 10లో స్పీకర్ బొమ్మ నొక్కితే వాల్యూమ్ గీత పైన ఒక పేరు ఉంటుంది, ఆ పేరు మీద నొక్కాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కానీ, మా ల్యాబ్‌లో సగం సిస్టమ్స్ ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి.

ఆ జాబితాలో మీ మానిటర్ కంపెనీ పేరు కనిపించి దాని మీద గుర్తు ఉంటే దొంగ దొరికినట్టే. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతోపాటు సౌండ్‌ని కూడా మోస్తుంది. మానిటర్‌నో టీవీనో ప్రొజెక్టర్‌నో తగిలించగానే విండోస్ సౌండ్‌ని అటు మళ్ళించేయడం మామూలే. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేకపోయినా విండోస్‌కి పట్టదు. మా సెమినార్ హాల్లో ఎవరు ప్రొజెక్టర్ తగిలించుకున్నా ఇదే తంతు. జాబితాలో హెడ్‌ఫోన్స్ అనో, స్పీకర్స్ పక్కన రియల్‌టెక్ అనో ఉన్నదాన్ని ఎంచుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో స్పీకర్లకీ హెడ్‌ఫోన్స్‌కీ కలిపి ఒకటే పేరు ఉంటుంది, పిన్ను పెడితే దానంతట అదే మారుతుంది. విడిగా హెడ్‌ఫోన్స్ పేరు కనపడలేదని టెన్షన్ పడకండి.

జాబితాలో అసలు పేరే లేకపోతే, ఇందాక చెప్పిన మోర్ సౌండ్ సెట్టింగ్స్ కిటికీలో ఖాళీ చోట కుడి బటన్ నొక్కి షో డిసేబుల్డ్ డివైసెస్ అన్నదానికి టిక్ పెట్టండి. ఎవరో ఎప్పుడో ఆపేసి ఉంటే బూడిద రంగులో పైకి వస్తుంది. దాని మీద కుడి బటన్ నొక్కి ఎనేబుల్ చేస్తే సరి.

కొన్నిసార్లు విండోస్ జాబితాలో అంతా సవ్యంగానే ఉంటుంది, అయినా రాదు. మా మేనకోడలి సంగతి అలాంటిదే. మాదాపూర్‌లో హాస్టల్‌లో ఉంటుంది. ఒకరోజు హడావుడిగా ఫోన్ చేసింది.

"అత్తా, హెడ్‌ఫోన్స్ పోయాయి. అరగంటలో ఇంటర్వ్యూ ఉంది."

"పోయాయని ఎవరు చెప్పారే? ఫోన్‌కి పెట్టి చూశావా?"

"ఫోన్‌లో బానే వస్తోంది. ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ కూడా వస్తోంది. వీడియో కాల్‌లో మాత్రం ఎవరి మాటా వినపడట్లేదు."

"నిన్నా మొన్నా ల్యాప్‌టాప్‌కి ఇంకేమైనా తగిలించావా?"

"రూమ్మేట్ మానిటర్ పెట్టాను. ఇప్పుడు కూడా ఉంది."

"అయితే ఆ కాల్ యాప్‌లోనే సెట్టింగ్స్ తెరువు. ఆడియో అని ఉంటుంది, అందులో స్పీకర్ ఎదురుగా ఏం రాసి ఉందో చదువు."

మానిటర్ పేరు చదివింది. దాన్ని హెడ్‌ఫోన్స్‌కి మార్చగానే గొంతులు వినపడ్డాయి. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని మాత్రం నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ లాంటి వాటన్నిటికీ సొంతంగా స్పీకర్ ఎంపిక ఉంటుంది. విండోస్‌లో మీరు ఏది పెట్టుకున్నా అవి పాతదాన్నే పట్టుకుని ఉండొచ్చు. ఇంకా, సెట్టింగ్స్‌లో సౌండ్ కింద వాల్యూమ్ మిక్సర్ అని ఉంటుంది. అందులో ఒక్కో యాప్‌కి విడిగా వాల్యూమ్, విడిగా అవుట్‌పుట్ పెట్టుకోవచ్చు. ఒకసారి పెడితే విండోస్ దాన్ని గుర్తుంచుకుంటుంది, మనం మర్చిపోతాం. క్రోమ్‌లో ట్యాబ్ మీద కుడి బటన్ నొక్కితే మ్యూట్ సైట్ అని వస్తుంది. అది ఒకసారి నొక్కారంటే ఆ సైట్ మొత్తం మూగబోతుంది, మళ్ళీ అన్‌మ్యూట్ చేసేదాకా అంతే.

పాట వింటుండగా కాల్ రాగానే పాట బాగా తగ్గిపోయి, హెడ్‌ఫోన్స్ పాడయ్యాయేమో అనిపించే సందర్భం కూడా ఉంది. అది పాడవడం కాదు. మోర్ సౌండ్ సెట్టింగ్స్ కిటికీలో కమ్యూనికేషన్స్ అనే పేజీ చూడండి. కాల్ నడుస్తున్నప్పుడు మిగతా సౌండ్లని 80 శాతం తగ్గించమని విండోస్‌లో ముందే పెట్టి ఉంటుంది. వద్దనుకుంటే డు నథింగ్ ఎంచుకోండి.

ఒక చెవిలోనే వస్తోందా? వైరుని తిట్టే ముందు బ్యాలెన్స్ చూడండి. సౌండ్ సెట్టింగ్స్‌లో మీ హెడ్‌ఫోన్స్ పేరు నొక్కితే ఎడమ, కుడి వాల్యూమ్ రెండు గీతలుగా కనిపిస్తాయి. రెండూ సమానంగా ఉండాలి.

బ్లూటూత్ అయితే

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో సగం గొడవ ఫోన్ వల్ల వస్తుంది. హెడ్‌ఫోన్స్ ఆన్ చేయగానే జేబులో ఉన్న ఫోన్ ముందుగా వాటిని లాగేసుకుంటుంది, ల్యాప్‌టాప్‌లో కనెక్ట్ కాలేదని వస్తుంది. ఫోన్‌లో బ్లూటూత్ కాసేపు ఆపి చూడండి. అప్పటికీ రాకపోతే విండోస్‌లో ఆ డివైస్‌ని రిమూవ్ చేసి, హెడ్‌ఫోన్స్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టి కొత్తగా కలపండి. ఛార్జింగ్ చూసుకోమని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

కనెక్ట్ అవుతుంది కానీ పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు వస్తోందంటే కారణం మైకు. మామూలు బ్లూటూత్‌లో పాటలు వినడానికి ఒక పద్ధతి ఉంది, అది స్టీరియో, నాణ్యత బాగుంటుంది. మాట్లాడటానికి ఇంకో పద్ధతి, దాని పేరు హ్యాండ్స్ ఫ్రీ. అది ఫోన్ కాల్స్ కోసం పెట్టింది కాబట్టి రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్, నాణ్యత కూడా అంతంతమాత్రం. ఏ యాప్ అయినా హెడ్‌ఫోన్స్ మైకుని తెరిస్తే చాలు, విండోస్ రెండో పద్ధతికి మారిపోతుంది. విండోస్ 10లో ఈ రెండూ జాబితాలో రెండు పేర్లుగా కనిపిస్తాయి. మీరు పొరపాటున హ్యాండ్స్ ఫ్రీ అన్నదాన్ని ఎంచుకుంటే సినిమాలో సౌండ్ అసలు రాకపోవచ్చు కూడా. నేను చెప్పే మందు ఒకటే: కాల్ యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ మైకుని పెట్టుకోండి, వినడానికి మాత్రం హెడ్‌ఫోన్స్ ఉంచుకోండి.

పిన్ను, దాని మీద గీతలు

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. హెడ్‌ఫోన్స్ బాగున్నాయి, కంప్యూటర్ బాగుంది, అయినా కలిస్తే సరిగ్గా రాదు. మీ పిన్నుని వెలుతురులో పట్టుకుని చూడండి. మెరిసే లోహం మీద నల్లటి గీతలు కనిపిస్తాయి. రెండు గీతలు ఉంటే అది మూడు భాగాల పిన్ను: కొన ఎడమ చెవికి, మధ్య భాగం కుడి చెవికి, అడుగు భాగం గ్రౌండ్‌కి. మూడు గీతలు ఉంటే నాలుగు భాగాలు, అదనంగా వచ్చింది మైకు. ఫోన్‌తో వచ్చే ఇయర్‌ఫోన్స్ ఇలా ఉంటాయి.

ల్యాబ్‌లలో, ఇళ్ళలో ఉండే డెస్క్‌టాప్‌లకి వెనక వేరువేరు సాకెట్లు ఉంటాయి. ఆకుపచ్చ హెడ్‌ఫోన్స్‌కి, గులాబీ మైకుకి, నీలం బయటి నుంచి సౌండ్ లోపలికి తీసుకోవడానికి. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి తెచ్చిన పీసీ 99 ప్రమాణం నుంచి ఈ రంగులు స్థిరపడ్డాయి. హెడ్‌సెట్‌కి రెండు పిన్నులు ఉంటే వాటి మీద కూడా ఇవే రంగులు గానీ, హెడ్‌ఫోన్, మైకు బొమ్మలు గానీ ఉంటాయి. బల్ల కిందకి వంగి చీకట్లో తడుముతూ గుచ్చితే మైకు పిన్ను ఆకుపచ్చలోకి వెళ్ళడం ఎంతసేపు? ఫోన్ టార్చ్ వేసుకోండి.

నాలుగు భాగాల పిన్నుని మూడు భాగాల సాకెట్‌లో గుచ్చితే కొన్నిటిలో ఒక వింత జరుగుతుంది. పాటలో తబలా, వయొలిన్ వినిపిస్తుంటాయి, పాడేవాళ్ళ గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, లేదా అసలు ఉండదు. పిల్లలు దీన్ని "కరావోకే అయిపోయింది మేడమ్" అంటారు. గ్రౌండ్ సరిగ్గా కలవకపోవడమే దీనికి కారణం. రెండు చెవుల స్పీకర్లూ తిరుగుదారిగా గ్రౌండ్‌నే వాడుకుంటాయి. అది తెగిపోతే కరెంటు ఎడమ నుంచి కుడికి పోతుంది, అప్పుడు రెండు చానెళ్ళ మధ్య తేడా మాత్రమే వినపడుతుంది. గాయకుల గొంతుని సాధారణంగా రెండు చానెళ్ళలోనూ సమానంగా పెడతారు కాబట్టి తేడా సున్నా, గొంతు మాయం. వాయిద్యాలు కొన్ని అటూ కొన్ని ఇటూ ఉంటాయి కనుక మిగులుతాయి.

ఈ లక్షణం కనిపిస్తే పిన్నుని ఒక మిల్లీమీటరు బయటికి లాగి చూడండి. గొంతు తిరిగి వచ్చిందంటే పిన్నుకీ సాకెట్‌కీ పొత్తు కుదరలేదన్నమాటే. వైరు మీద కాల్ బటన్ ఉంటే దాన్ని నొక్కి పట్టుకుని కూడా చూడొచ్చు. నొక్కినంతసేపూ బాగా వస్తే కారణం అదే, ఎందుకంటే ఆ బటన్ మైకునీ గ్రౌండ్‌నీ కలుపుతుంది. నాలుగు భాగాల పిన్నుల్లో మైకు, గ్రౌండ్ తారుమారుగా ఉండే రెండు రకాలున్నాయి. సీటీఐఏ ఇప్పుడు దాదాపు అంతటా వాడేది, ఓఎంటీపీ పాత ఫోన్లలో ఉండేది. పాత డబ్బాలోంచి తీసిన ఇయర్‌ఫోన్స్ కొత్త ల్యాప్‌టాప్‌లో గొంతు మింగేస్తున్నాయంటే ఇదే అయి ఉండొచ్చు.

దీనికి మందు కన్వర్టర్. కానీ కొనేటప్పుడు జాగ్రత్త. చూడటానికి ఒకేలా ఉండే వై ఆకారం వైర్లు షాపులో మూడు రకాలు దొరుకుతాయి.

- ఒక సాకెట్, రెండు పిన్నులు: ఫోన్ ఇయర్‌ఫోన్స్‌ని డెస్క్‌టాప్ ఆకుపచ్చ, గులాబీ సాకెట్లకి కలపడానికి.
- రెండు సాకెట్లు, మూడు గీతల పిన్ను ఒకటి: రెండు పిన్నుల హెడ్‌సెట్‌ని ఒకే సాకెట్ ఉన్న ల్యాప్‌టాప్‌కి కలపడానికి. సాకెట్ల మీద హెడ్‌ఫోన్, మైకు బొమ్మలు వేరువేరుగా ఉంటాయి.
- రెండు సాకెట్లు, రెండు గీతల పిన్ను ఒకటి: ఇద్దరు కలిసి ఒకే పాట వినడానికి. ఇందులో మైకు పనిచేయదు.

మెయిన్ రోడ్డులో షాపుకి వెళ్ళి "వై కేబుల్ ఇవ్వండి" అంటే ఎక్కువగా ఆ మూడోది చేతిలో పెడతారు. అందుకే హెడ్‌సెట్‌ని వెంట తీసుకెళ్ళి, గీతలు లెక్కపెట్టుకుని కొనండి.

సాకెట్‌లో చెత్త

పిన్ను లోపలిదాకా వెళ్ళి టక్కుమని కూర్చోవాలి. సగంలో ఆగితే కొన్నిసార్లు ఫోన్ కవర్ లాంటివి అడ్డం వస్తాయి, కొన్నిసార్లు లోపల జేబు నూలు, బ్యాగు దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. కంప్యూటర్ ఆపి, పళ్ళు కుట్టుకునే చెక్క పుల్లతో నెమ్మదిగా గోడల వెంట తిప్పి బయటికి లాగండి. గుండుసూది, హెయిర్‌పిన్ను జోలికి వెళ్ళకండి. లోపల ఉండే సన్నటి రేకులు ఒంగితే తర్వాత మదర్‌బోర్డు దాకా పని పడుతుంది.

సముద్రం గాలికి ఇంకో బాధ ఉంది. మా దగ్గర సెలవులకి ల్యాబ్ మూసి మళ్ళీ తెరిస్తే పిన్నులు నల్లబడి ఉంటాయి, కొన్నిటి మీద ఆకుపచ్చటి చిలుము కూడా కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి గుడ్డ ముంచి పిన్ను తుడుస్తాను. సెల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. తర్వాత పిన్నుని సాకెట్‌లో పెట్టి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పితే లోపలి రేకుల మీద పేరుకున్న పొర కూడా కొంత పోతుంది. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. నీళ్ళు, కొబ్బరినూనె, శానిటైజర్ వద్దు.

సాకెట్ లోపల పిన్ను వచ్చిందని కంప్యూటర్‌కి చెప్పే చిన్న స్విచ్ కూడా ఉంటుంది. అది ఇరుక్కుపోతే రెండు రకాల తమాషాలు జరుగుతాయి. పిన్ను పెట్టినా ల్యాప్‌టాప్ స్పీకర్లే మోగుతాయి, లేదా పిన్ను తీసేసినా స్పీకర్లు మోగవు. రెండు సందర్భాల్లోనూ శుభ్రం చేసి, పిన్నుని పదేపదే పెట్టి తీయడం కొంతవరకు పనిచేస్తుంది.

డెస్క్‌టాప్ ముందు భాగంలో ఉన్న సాకెట్‌లో రాకపోతే వెనకదాంట్లో పెట్టి చూడండి. వెనక వస్తే సౌండ్ బాగానే ఉంది, క్యాబినెట్ ముందు నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళే కేబుల్ ఊడిపోయింది. క్యాబినెట్ శుభ్రం చేయించిన మర్నాడే ఈ సమస్య వచ్చిందంటే నేను ఇంకేమీ అడగను. కరెంటు తీసి, పక్క తలుపు విప్పితే హెచ్‌డీ ఆడియో అని రాసిన చిన్న కనెక్టర్ వేలాడుతూ కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద ఎఫ్ ఆడియో, ఏఏఎఫ్‌పీ లాంటి పేరున్న పిన్నుల మీద దాన్ని గుచ్చాలి. అక్కడ ఒక పిన్ను ఉండదు, కనెక్టర్‌లో ఒక రంధ్రం మూసి ఉంటుంది, కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు.

వైరు తెగితే

హెడ్‌సెట్ వైరు మూడు చోట్ల తెగుతుంది: పిన్ను మెడ దగ్గర, వాల్యూమ్ డబ్బాలోకి వెళ్ళేచోట, చెవి కప్పులోకి వెళ్ళేచోట. పాట పెట్టుకుని ఒక్కో చోటా వైరుని మెల్లగా వంచండి. సౌండ్ వచ్చి పోతుంటే అక్కడే తెగింది. మా పిల్లలు క్లాసు అయిపోగానే హెడ్‌సెట్‌ని వైరు పట్టుకుని లాగుతారు, వైరుని మానిటర్ చుట్టూ బిగించి చుడతారు. అందుకే మెడ దగ్గర తెగేవే ఎక్కువ.

మల్టీమీటర్ ఉంటే ఓమ్స్ 200 దగ్గర పెట్టి, ఒక ముల్లు పిన్ను కొనకి, ఇంకోటి అడుగు భాగానికి ఆనించండి. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్స్ అయితే అటూ ఇటూగా అంతే చూపిస్తుంది. చెవికి పెట్టుకుంటే ముల్లు తగిలినప్పుడు టక్ అని చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఏమీ చూపించకపోతే ఎడమ వైపు దారి తెగింది. మధ్య భాగంతో కూడా ఇలాగే చేస్తే కుడి వైపు సంగతి తెలుస్తుంది. నాలుగు భాగాల పిన్ను అయితే గ్రౌండ్ సాధారణంగా కొన నుంచి మూడోది.

మెడ దగ్గర తెగితే కొత్త పిన్ను సోల్డర్ చేయడం కష్టమేమీ కాదు. విప్పి బిగించుకునే పిన్నులు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో విడిగా దొరుకుతాయి. తెగిన చోటు నుంచి హెడ్‌సెట్ వైపు రెండు అంగుళాలు వదిలి కత్తిరించండి. కొత్త పిన్ను మూతని ముందే వైరుకి ఎక్కించుకోండి, అతికించాక అది ఎక్కదు. లోపల సన్నటి రాగి పోగులు ఉంటాయి. ఎర్రది తరచుగా కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రంగు లేని రాగి గ్రౌండ్. అన్ని కంపెనీలూ ఇదే పాటించవు కాబట్టి మీటర్‌తో నిర్ధారించుకోవాలి. ఈ పోగుల మీద రంగుగా కనిపించేది ఎనామెల్ పూత. అది పోకపోతే సోల్డర్ అంటుకోదు, అంటుకున్నట్టు కనిపించినా సౌండ్ రాదు. వేడి సోల్డరింగ్ ఐరన్ కొన మీద కొంచెం సీసం కరిగించి, ఆ చుక్కలో పోగు చివర కాసేపు ఉంచితే పూత కాలిపోయి వెండి రంగు వస్తుంది. ఆ పొగ పీల్చకండి, కిటికీ దగ్గర కూర్చోండి.

చెవి కప్పు దగ్గర తెగిన చవక హెడ్‌సెట్లని నేను బాగుచేయను. ఆ ప్లాస్టిక్ విప్పితే మళ్ళీ అతుక్కోదు. ఒక చెవి ఇంకా పనిచేస్తుంటే కొత్తది వచ్చేదాకా ఒక చిట్కా ఉంది: సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఆడియో కింద మోనో ఆడియో ఆన్ చేయండి. రెండు చానెళ్ళూ కలిసి ఆ ఒక్క చెవిలోనే వినిపిస్తాయి, పాఠంలో సగం పోదు.

ఇప్పుడు డ్రైవర్

ఇక్కడిదాకా వచ్చారంటే హెడ్‌ఫోన్స్ బాగున్నాయని, అవుట్‌పుట్ సరిగ్గానే ఉందని తేలిపోయినట్టే. ముందు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేశామని చాలామంది చెబుతారు, రెండూ ఒకటి కావు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు డ్రైవర్ల స్థితిని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ మాత్రమే పూర్తిగా మొదటి నుంచి మొదలుపెడుతుంది.

అది చాలకపోతే స్టార్ట్ మెనూలో వెతికి సర్వీసెస్ తెరిచి విండోస్ ఆడియో, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అన్న రెండూ నడుస్తున్నాయో లేదో చూడండి. తర్వాత అలాగే డివైస్ మేనేజర్ తెరిచి అందులో సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ విప్పండి. పేరు మీద కిందికి బాణం ఉంటే ఆపేసి ఉంది, ఎనేబుల్ చేయండి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్‌లో తేడా ఉంది. అప్‌డేట్ వచ్చిన రోజు నుంచే సమస్య మొదలైతే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ పేజీలో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ నొక్కడానికి వీల్లేకుండా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్ చేయండి, విండోస్ మళ్ళీ తనే వేసుకుంటుంది.

అప్పటికీ కుదరకపోతే అప్‌డేట్ డ్రైవర్‌లో, జాబితా నుంచి నేనే ఎంచుకుంటాను అన్న దారిలో వెళ్ళి హై డెఫినిషన్ ఆడియో డివైస్ పెట్టండి. అది విండోస్‌తోపాటే వచ్చే సాదా డ్రైవర్. హంగులు ఉండవు, పని మాత్రం చేస్తుంది. కంపెనీ డ్రైవరే కావాలంటే మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో ఆ కంపెనీ సపోర్ట్ పేజీలో తీసుకోండి. అన్ని డ్రైవర్లనీ ఒక్క క్లిక్‌తో బాగుచేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. వాటిని తీసేయడానికి పట్టే టైమ్‌లో ఇంకో హెడ్‌సెట్ బాగుచేయొచ్చు.

ఉబుంటు వాడేవాళ్ళకి రెండే మాటలు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ సరిగ్గా ఉన్నా రాకపోతే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవండి. హెడ్‌ఫోన్ అన్న నిలువు పట్టీ కింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉంది, ఎం నొక్కితే తీసేస్తుంది.

ఇవన్నీ చేసినా ల్యాప్‌టాప్ సాకెట్‌లో ఏ హెడ్‌ఫోన్స్ పెట్టినా సౌండ్ రాకపోతే ఆ సాకెట్ పోయినట్టే. దాన్ని మార్పించడానికి ల్యాప్‌టాప్ మొత్తం విప్పాలి, కూలీ ఎక్కువ. దానికి బదులు యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనుక్కోండి. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, యూఎస్‌బీలో పెట్టగానే విండోస్ గుర్తుపడుతుంది, అవుట్‌పుట్ జాబితాలో కొత్త పేరు వస్తుంది. మీ హెడ్‌సెట్‌కి రెండు పిన్నులుంటే రెండు సాకెట్లున్నదీ, ఒకే పిన్ను మీద మూడు గీతలుంటే హెడ్‌ఫోన్, మైకు బొమ్మలు రెండూ ఒకే సాకెట్ మీద ఉన్నదీ తీసుకోండి. వీలైతే యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌లోనే పెట్టండి.